కొత్త ప్రాసెసర్‌కి లినక్స్‌నీ డెబియన్‌నీ పోర్ట్ చెయ్యడం ఎలా: రిస్క్-ఫైవ్ ఉదాహరణతో

రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ ఆర్కిటెక్చర్‌కి కావలసిన కోడ్ లినక్స్ కెర్నల్‌లోకి చేరింది 2018 జనవరిలో, 4.15 వెర్షన్‌తో. అదే ప్రాసెసర్‌ని అధికారికంగా చేర్చుకున్న మొదటి డెబియన్ స్టేబుల్ (కెర్నల్‌తో పాటు వేల ప్యాకేజీలు కలిపి ఇచ్చే లినక్స్ పంపిణీ డెబియన్, దాని స్థిర విడుదల), అంటే డెబియన్ 13, వెలువడింది 2025 ఆగస్టులో. మధ్యలో ఏడున్నరేళ్లు. పోర్టింగ్ (సాఫ్ట్‌వేర్‌ని కొత్త ప్రాసెసర్ మీద నడిచేలా మలచడం) అనగానే అందరి కళ్లూ అసెంబ్లీ మీదా పేజ్ టేబుళ్ల మీదా పడతాయి గానీ, కాలమంతా తినేసేది ఆ తర్వాతి పని. అందుకే కెర్నల్‌తో పాటు, దానికి ముందు తేల్చుకోవాల్సిన విషయాలూ, ఆ తర్వాత ప్యాకేజీలతో పట్టాల్సిన కుస్తీ కూడా ఇక్కడ ఉన్నాయి. ఉదాహరణ అంతటా 64 బిట్ రిస్క్-ఫైవే. దాని మాన్యువల్ ఉచితంగా దొరుకుతుంది, బోర్డు కొనకుండానే చాలా అడుగులు క్యూఈఎంయూ అనే ఎమ్యులేటర్‌లో చేసి చూసుకోవచ్చు.

మొదలుపెట్టే ముందు ఒకటి తేల్చుకోండి: మీ చేతిలో ఉన్నది కొత్త ఆర్కిటెక్చరా, పాత ఆర్కిటెక్చర్ మీద వచ్చిన కొత్త చిప్పా? మద్రాస్ ఐఐటీ వాళ్ల శక్తి, సీ-డాక్ వాళ్ల వేగ ప్రాసెసర్లు రెండూ రిస్క్-ఫైవ్ ఇన్‌స్ట్రక్షన్ సెట్ మీద కట్టినవే. అలాంటి 64 బిట్ కోర్‌కి, ఎంఎంయూ (వర్చువల్ చిరునామాలను భౌతిక చిరునామాలుగా మార్చే యూనిట్) ఉంటే, కంపైలర్, సీ లైబ్రరీ, ప్యాకేజీలు ఎప్పుడో సిద్ధమైపోయాయి. మీ వంతు డివైస్ ట్రీ (బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఎక్కడుందో చెప్పే వివరణ), సీరియల్ పోర్టు, క్లాకులు, ఇంటరప్ట్ కంట్రోలర్, స్టోరేజ్ డ్రైవర్. అది కింద చెప్పిన దానిలో పదో వంతు కూడా కాదు. వేగ కుటుంబంలోనే ఉన్న తేజస్32 లాంటి 32 బిట్ మైక్రోకంట్రోలర్ అయితే, దానికున్న ర్యామ్ 256 కిలోబైట్లు; లినక్స్ మాట మరిచిపోయి చిన్న చిప్‌ల ఆపరేటింగ్ సిస్టమ్‌లైన జెఫిర్ గానీ ఫ్రీఆర్‌టీఓఎస్ గానీ పట్టుకోండి.

ఏబీఐ: తర్వాత మార్చలేనివి

ఏబీఐ అంటే కంపైలర్, కెర్నల్, లైబ్రరీలు మూడూ కట్టుబడి ఉండే ఒప్పందం. మొదటి ప్యాకేజీ జనం చేతికి వెళ్లాక ఇందులో ఒక్క అక్షరం మార్చినా పాత బైనరీలన్నీ చెడిపోతాయి. అందుకని కోడ్ మొదలుపెట్టక ముందే వీటిని కాగితం మీద పెట్టాలి: లాంగ్, పాయింటర్ సైజులు, బైట్ క్రమం, స్టాక్ అలైన్‌మెంట్ (రిస్క్-ఫైవ్‌లో 16 బైట్లు), చార్‌కి గుర్తు ఉంటుందా లేదా, లాంగ్ డబుల్ ఎన్ని బిట్లు, థ్రెడ్ పాయింటర్ ఏ రిజిస్టర్‌లో ఉంటుంది, సిస్టమ్ కాల్ నంబర్ ఎక్కడ పెట్టాలి. రిస్క్-ఫైవ్ లినక్స్‌లో నంబర్ ఏ7లో, ఆర్గ్యుమెంట్లు ఏ0 నుంచి ఏ5 దాకా, జవాబు ఏ0లో. చార్ అన్‌సైన్డ్. లాంగ్ డబుల్ 128 బిట్లు. ఈ చివరి రెండూ అమాయకంగా కనిపిస్తాయి గానీ ప్యాకేజీల దగ్గరికొచ్చేసరికి వాటి తడాఖా చూపిస్తాయి.

సిస్టమ్ కాల్ పట్టిక సొంతంగా తయారు చెయ్యకండి. కొత్త ఆర్కిటెక్చర్ల కోసం కెర్నల్‌లో ఉమ్మడి పట్టిక ఉంది. అందులో రైట్ 64, ఎగ్జిట్ 93; పాత ఓపెన్, ఫోర్క్ అసలు ఉండవు, ఓపెన్‌ఎట్, క్లోన్ మాత్రమే ఉంటాయి. 32 బిట్ పోర్ట్ అయితే కాలాన్ని దాచే టైమ్_టీని మొదటి రోజు నుంచీ 64 బిట్లు చేసేయండి. జీలిబ్‌సీ (గ్నూ సీ లైబ్రరీ) 2.33లో వచ్చిన 32 బిట్ రిస్క్-ఫైవ్ అలాగే వచ్చింది, 2038లో 32 బిట్ల కాలం లెక్క నిండిపోయే సమస్య దాని జోలికి రాదు.

ఇంకో పెద్ద నిర్ణయం, కనీసంగా ఏ ఎక్స్‌టెన్షన్లు ఉండాలి అన్నది. డెబియన్ ఆర్‌వీ64జీసీ అంది, అంటే గుణకారం, అటామిక్స్, డబుల్ వరకు ఫ్లోటింగ్ పాయింట్, కుదించిన ఇన్‌స్ట్రక్షన్లు. ఉబుంటు 25.10 నుంచి ఆర్‌వీఏ23 అంటోంది. వెక్టర్ యూనిట్‌తో పాటు మరికొన్ని తప్పనిసరి కాబట్టి అప్పటిదాకా అమ్ముడైన బోర్డుల్లో దాదాపు ఏదీ దాన్ని నడపగలిగేలా లేదు. పోర్ట్ కొత్తగా మొదలుపెట్టేవాళ్లు కింది గీత దగ్గర ఆగడమే మంచిది. వేగం కావలసిన లైబ్రరీ రన్‌టైమ్‌లో చిప్‌ని అడిగి పైస్థాయి కోడ్ ఎంచుకోగలదు గానీ, లేని ఇన్‌స్ట్రక్షన్‌ని బోర్డుకి ఎవరూ తగిలించలేరు.

ఏబీఐ తొందరపాటుకి ఎంత ఖరీదో చైనా సంస్థ లూంగ్‌సన్ ఆర్కిటెక్చర్ లూంగ్‌ఆర్క్ చూపిస్తుంది. తయారీదారు 4.19 కెర్నల్, జీలిబ్‌సీ 2.28 మీద తన సొంత సిస్టమ్‌ని ముందే జనంలోకి వదిలాడు. తర్వాత అప్‌స్ట్రీమ్ (అసలు ప్రాజెక్టు నిర్వాహకుల) సమీక్షలో సిస్టమ్ కాల్స్, సిగ్నల్ సెట్ సైజు, సింబల్ వెర్షన్లు అన్నీ మారాయి. ఫలితంగా ఒకే చిప్ మీద ఒకదానితో ఒకటి పొసగని రెండు లోకాలు ఏర్పడ్డాయి. వాటిని పాత ప్రపంచం, కొత్త ప్రపంచం అనే పిలుస్తారు. కాబట్టి సమీక్ష పూర్తయ్యేదాకా బయటికిచ్చే బైనరీల మీద ‘ప్రయోగాత్మకం, ఏబీఐ మారవచ్చు’ అని పెద్దక్షరాలతో రాయండి.

టూల్‌చైన్

క్రమం ఇది: బినుటిల్స్ (అసెంబ్లర్, లింకర్), ఆ తర్వాత హెడర్లు లేకుండా, థ్రెడ్లు లేకుండా, సీ భాషకు మాత్రమే కట్టిన మొదటి దశ జీసీసీ కంపైలర్, ఆ తర్వాత కెర్నల్ హెడర్ల ఇన్‌స్టాల్, జీలిబ్‌సీ, చివరికి సీ++తో సహా పూర్తి జీసీసీ. మొదటి దశలో షేర్డ్ లైబ్రరీలు ఆపెయ్యకపోతే, ఇంకా పుట్టని సీ లైబ్రరీ కోసం వెతుక్కుంటూ లింకర్ చచ్చిపోతుంది. రిస్క్-ఫైవ్‌కి బినుటిల్స్ 2.28, జీసీసీ 7 రెండూ 2017లోనే వచ్చాయి, జీలిబ్‌సీ 2.27 మాత్రం కెర్నల్ తర్వాతే, 2018 ఫిబ్రవరిలో. ఇది యాదృచ్ఛికం కాదు. కెర్నల్ ఏబీఐ విలీనం కాకుండా జీలిబ్‌సీ వాళ్లు కోడ్ తీసుకోరు.

ఇక్కడ ఎదురయ్యే తప్పులు కొన్ని ఎంత తరచుగా వస్తాయంటే, ముందే తెలుసుకుంటే రోజులు మిగులుతాయి.

రీలొకేషన్ పట్టలేదని, హెచ్‌ఐ20 పేరు చూపిస్తూ లింకర్ ఎర్రర్ ఇస్తే, కోడ్ మోడల్ తప్పు. డిఫాల్ట్‌గా ఉండే మెడ్‌లో మోడల్ సున్నా చుట్టూ 2 గిగాబైట్లలోనే చేరగలదు. కెర్నల్ ఉండేది హెక్స్ 80000000 పైన. మెడ్‌ఎనీ మోడల్‌తో కంపైల్ చెయ్యండి.

సీఎస్‌ఆర్ (ప్రాసెసర్ నియంత్రణ రిజిస్టర్) చదివే ఇన్‌స్ట్రక్షన్ తెలియదని అసెంబ్లర్ మొరాయిస్తే, మీ బినుటిల్స్ 2.38 లేదా ఆ పైది. అప్పటి నుంచి జిసీఎస్‌ఆర్, జిఫెన్స్‌ఐ అనే రెండు ఎక్స్‌టెన్షన్లు మూల సెట్ నుంచి విడిపోయాయి. ఏ ఇన్‌స్ట్రక్షన్ సెట్‌కి కట్టాలో చెప్పే మార్చ్ ఆప్షన్ చివర వాటి పేర్లు విడిగా చేర్చాలి.

సాఫ్ట్ ఫ్లోట్ ఆబ్జెక్టులను డబుల్ ఫ్లోట్ వాటితో కలపలేనని లింకర్ అంటే, కెర్నల్‌ని ఎల్‌పీ64 (సాఫ్ట్ ఫ్లోట్ ఏబీఐ)తో కట్టి, ఎల్‌పీ64డి (డబుల్ ఫ్లోట్ ఏబీఐ) లిబ్‌జీసీసీని కలిపారన్నమాట. కెర్నల్‌లో ఫ్లోటింగ్ పాయింట్ వాడరు కాబట్టి దానికి ఎల్‌పీ64 సరైనదే. తప్పు లిబ్‌జీసీసీ వైపు ఉంది.

అన్నిటికన్నా చికాకు పెట్టేది లింకర్ రిలాక్సేషన్. దగ్గరలో ఉన్న చిరునామాలను జీపీ రిజిస్టర్ ఆధారంగా లెక్కించేలా లింకర్ కోడ్‌ని కుదిస్తుంది. బూట్ మొదట్లో జీపీలోకి దాని విలువ నింపే లైన్‌ని కూడా అదే సూత్రంతో కుదించి, ‘జీపీలోకి జీపీని కాపీ చెయ్యి’ అని మార్చేస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, బోర్డు మాత్రం నోరు విప్పదు. ఆ ఒక్క లైన్‌కి ముందు నోరిలాక్స్ ఆప్షన్ పెట్టి, తర్వాత తీసెయ్యాలి.

టూల్‌చైన్ అయిందనిపించగానే జీసీసీ టెస్ట్ సూట్‌ని క్యూఈఎంయూ యూజర్ మోడ్ మీద నడపండి. కొన్ని ఫెయిలైనా ముందుకెళ్లొచ్చు గానీ అటామిక్స్, థ్రెడ్ లోకల్ స్టోరేజ్, ఎక్సెప్షన్ అన్‌వైండింగ్ తప్పితే మాత్రం వెళ్లకండి. కంపైలర్ తప్పుని కెర్నల్‌లో వెతకడం కన్నా నరకం ఇంకోటి లేదు.

కెర్నల్: మొదటి అక్షరం

పాత ఆర్కిటెక్చర్ డైరెక్టరీని మొత్తంగా కాపీ కొట్టి పేర్లు మార్చే పద్ధతి సులువుగా కనిపిస్తుంది. సమీక్షలో అదే గుదిబండ అవుతుంది, ఎందుకంటే దానితో పాటు ముప్పయ్యేళ్ల చెత్త కూడా వచ్చి చేరుతుంది. ఖాళీ డైరెక్టరీతో మొదలుపెట్టి, ఏఎస్‌ఎమ్-జెనెరిక్ హెడర్లు ఎన్ని సరిపోతే అన్ని తీసుకుని, లోటు పడిన చోట మాత్రమే సొంతంగా రాయండి. తప్పనిసరిగా రాయాల్సినవి ఇవి: బూట్ అసెంబ్లీ, ట్రాప్ ఎంట్రీ, కాంటెక్స్ట్ స్విచ్, పేజ్ టేబుళ్లు, అటామిక్స్‌తో పాటు మెమరీ బారియర్లు, టైమర్, సిగ్నల్ ఫ్రేమ్, పీట్రేస్, యూజర్ మెమరీ కాపీ.

క్యూఈఎంయూ వర్ట్ మెషీన్‌లో ర్యామ్ హెక్స్ 80000000 దగ్గర మొదలవుతుంది. ఆ చోట ఓపెన్‌ఎస్‌బీఐ అనే ఫర్మ్‌వేర్ కూర్చుని, 2 మెగాబైట్లు పైన, 80200000 దగ్గర కెర్నల్‌కి పగ్గాలిస్తుంది. ఆ క్షణాన ఏ0లో కోర్ నంబర్, ఏ1లో డివైస్ ట్రీ భౌతిక చిరునామా ఉంటాయి. ఈ రెండిటినీ వేరే రిజిస్టర్లలో దాచి, ఆ తర్వాత మొదటి పనిగా ఒక్క అక్షరం ప్రింట్ చెయ్యండి: ఏ7లో 1, ఏ0లో 65 పెట్టి ఈకాల్ (ఫర్మ్‌వేర్‌ని పిలిచే ఇన్‌స్ట్రక్షన్) చేస్తే తెర మీద పెద్ద ఏ కనిపించాలి. పాత ఎస్‌బీఐ కన్సోల్ కాల్ లేని చోట హెక్స్ 10000000 దగ్గరున్న 16550 సీరియల్ పోర్టులోకి నేరుగా ఒక బైట్ రాసినా సరే.

అక్షరం రాకపోతే ఊహాగానాలు మాని క్యూఈఎంయూని చిన్న ఎస్, పెద్ద ఎస్ ఆప్షన్లు రెండూ ఇచ్చి ఆపి, 1234 పోర్టులో జీడీబీ డీబగ్గర్ తగిలించి, ప్రోగ్రామ్ కౌంటర్ ఎక్కడుందో చూడండి. సగం సందర్భాల్లో లింక్ చేసిన చిరునామా ఒకటి, లోడ్ అయిన చిరునామా ఇంకొకటి అయి ఉంటుంది. మిగతా సగంలో కోర్లన్నీ ఒకేసారి లోపలికొచ్చి, ఒకటి వాడుకుంటున్న బీఎస్‌ఎస్‌ని (మొదటి విలువ సున్నాగా ఉండాల్సిన వేరియబుల్స్ చోటుని) ఇంకొకటి సున్నా చేస్తూ ఉంటుంది. అటామిక్‌గా ఒక లెక్కని పెంచి, సున్నా అందిన కోర్‌ని మాత్రమే ముందుకు పోనిచ్చి తక్కినవాటిని నిద్రపుచ్చండి. ఎస్‌బీఐలో కోర్లను విడివిడిగా మొదలుపెట్టే హెచ్‌ఎస్‌ఎమ్ ఎక్స్‌టెన్షన్ ఉంటే ఈ లాటరీ అక్కర్లేదు, ఒక కోరే వస్తుంది.

ఎంఎంయూ ఆన్ చేసే క్షణం

భౌతిక చిరునామాల్లో నడుస్తున్న కోడ్, మరుసటి ఇన్‌స్ట్రక్షన్‌కి వర్చువల్ చిరునామాలో ఉండాలి. రిస్క్-ఫైవ్ లినక్స్ దీనికి చక్కని ఎత్తు వేసింది. ఎస్‌టీవెక్‌లో, అంటే ట్రాప్ వస్తే వెళ్లాల్సిన చోట, తర్వాతి ఇన్‌స్ట్రక్షన్ వర్చువల్ చిరునామా పెట్టి, పేజ్ టేబుల్ ఎక్కడుందో చెప్పే ఎస్‌ఏటీపీ రిజిస్టర్ రాస్తుంది. పాత చిరునామా ఇక మ్యాప్‌లో లేదు కాబట్టి పేజ్ ఫాల్ట్ వస్తుంది. ఆ ఫాల్టే కోడ్‌ని వర్చువల్ చిరునామాకి చేరుస్తుంది. ఒక షరతు: ఎస్‌టీవెక్ చివరి 2 బిట్లు మోడ్ కోసం కేటాయించారు గనుక ఆ గమ్యం 4 బైట్ల హద్దు మీదే ఉండాలి. కుదించిన ఇన్‌స్ట్రక్షన్లు 2 బైట్లే కాబట్టి అలైన్‌మెంట్ రాయకపోతే ఇవాళ పనిచేసి, పైన ఒక లైన్ చేర్చగానే రేపు ఆగిపోతుంది.

ఎస్‌వీ39 అనే 39 బిట్ల వర్చువల్ చిరునామా పద్ధతిలో 4 కిలోబైట్ల పేజీలు, 3 అంచెలు, ఒక్కో టేబుల్‌లో 8 బైట్ల ఎంట్రీలు 512. మొదటి మ్యాపింగ్‌కి 2 మెగాబైట్ల పెద్ద పేజీలు వాడండి. అయితే భౌతిక చిరునామా కూడా 2 మెగాబైట్ల హద్దు మీద ఉండాలి, లేకపోతే ఫాల్టే. అందరూ ఒక్కసారైనా పడే గుంట ఇది: ఎస్‌ఏటీపీలో భౌతిక చిరునామాని 12 బిట్లు కుడికి జరిపి పెడతాం. పేజ్ టేబుల్ ఎంట్రీలో మాత్రం ఆ పేజీ నంబర్ 10వ బిట్ దగ్గర మొదలవుతుంది, 12 దగ్గర కాదు. అంటే చిరునామాని 12 కుడికి జరిపి, మళ్లీ 10 ఎడమకి జరపాలి. ఎక్స్86 అలవాటున్నవాళ్లు చిరునామాని ఉన్నదున్నట్టు ఎంట్రీలో పెట్టేసి, ఎందుకు నడవదో తెలియక జుట్టు పీక్కుంటారు. చదివే బిట్ లేకుండా రాసే బిట్ పెట్టడం నిషిద్ధం. చదవడం, రాయడం, నడపడం మూడూ సున్నా అయితే అది కింది అంచె టేబుల్‌కి దారి.

ఎస్‌ఏటీపీ మోడ్ అంకె ఎస్‌వీ39కి 8. చిప్‌లో లేని మోడ్ రాస్తే ఆ రాత పట్టదు, అంతే. కాబట్టి రాసి, తిరిగి చదివి, పోల్చి చూస్తే చిప్‌లో ఎన్ని అంచెలున్నాయో తెలిసిపోతుంది.

ట్రాప్‌లు, టైమర్, స్విచ్

ట్రాప్‌లోకి అడుగు పెట్టేసరికి చేతిలో ఖాళీ రిజిస్టర్ ఒక్కటీ ఉండదు. ఎస్‌స్క్రాచ్ అనే ప్రత్యేక రిజిస్టర్‌తో టీపీని (థ్రెడ్ పాయింటర్ రిజిస్టర్‌ని) మార్చుకోవడమే దారి. యూజర్ నడుస్తున్నప్పుడు ఎస్‌స్క్రాచ్‌లో టాస్క్ పాయింటర్, కెర్నల్ నడుస్తున్నప్పుడు సున్నా అనే నియమం పెట్టుకుంటే, మార్చుకోగానే ఎక్కడి నుంచి వచ్చామో తెలుస్తుంది. దాచాల్సినవి 31 రిజిస్టర్లు, ఈపీసీ (ట్రాప్ వచ్చిన ఇన్‌స్ట్రక్షన్ చిరునామా), స్టేటస్, కాజ్, ఫాల్ట్ చిరునామా, అసలు ఏ0. మొత్తం 36 పదాలు, 288 బైట్లు, 16కి సరిగ్గా భాగింపబడతాయి.

కాజ్ 8 వస్తే యూజర్ సిస్టమ్ కాల్. 12, 13, 15 వరసగా ఇన్‌స్ట్రక్షన్, లోడ్, స్టోర్ పేజ్ ఫాల్ట్‌లు. 63వ బిట్ 1 అయితే ఇంటరప్ట్, అందులో 5 టైమర్, 9 బయటి డివైస్. సిస్టమ్ కాల్‌లో ఈపీసీకి 4 కలపకపోతే అదే కాల్ అనంతంగా నడుస్తుంది. పేజ్ ఫాల్ట్‌లో కలిపితే ఒక ఇన్‌స్ట్రక్షన్ మింగేసి ప్రోగ్రామ్ వింతగా ప్రవర్తిస్తుంది. అసలు ఏ0 విడిగా దాచడం దేనికంటే, జవాబు కూడా ఏ0లోనే రాస్తాం. సిగ్నల్ వచ్చి కాల్‌ని తిరిగి మొదలుపెట్టాల్సినప్పుడు మొదటి ఆర్గ్యుమెంట్ అందులో మిగలదు.

టైమర్ వేగం డివైస్ ట్రీలోని టైమ్‌బేస్ ఫ్రీక్వెన్సీ నుంచే చదవండి. క్యూఈఎంయూ వర్ట్‌లో అది సెకనుకి 1 కోటి. దాన్ని కోడ్‌లో పాతేసినవాళ్లకి బోర్డు మీద సెకను పొడవు మారిపోతుంది.

కాంటెక్స్ట్ స్విచ్ ఒక ఫంక్షన్ కాల్ కాబట్టి అక్కడ ఆర్‌ఏ, ఎస్‌పీ, ఎస్0 నుంచి ఎస్11 దాకా, మొత్తం 14 దాచితే చాలు. ఫ్లోటింగ్ పాయింట్ సంగతి వేరు. స్టేటస్‌లోని ఎఫ్‌ఎస్ బిట్లు డర్టీ (రిజిస్టర్లు మారాయి) అంటేనే దాచాలి. ఇది తప్పితే ఒక్క ప్రోగ్రామ్ నడిపినప్పుడు అంతా సవ్యంగానే ఉంటుంది; లెక్కలు చేసే రెండు ప్రోగ్రాములు ఒకే కోర్ మీద పోటీపడినప్పుడు మాత్రమే జవాబులు మారతాయి. అందుకే దీనికి పరీక్ష కావాలనే రాసి పెట్టుకోవాలి, దానంతటది బయటపడేదాకా ఆగకూడదు.

సిగ్నల్ ఫ్రేమ్ కూడా ఏబీఐలో భాగమే. రేపు వచ్చే రిజిస్టర్ల కోసం చోటు వదిలి, ఆ చోటు సున్నాగా ఉందో లేదో తిరిగొచ్చేటప్పుడు తనిఖీ చెయ్యండి. రిస్క్-ఫైవ్ అలా వదిలింది కాబట్టే 6.5 కెర్నల్‌లో వెక్టర్ రిజిస్టర్లు వచ్చినప్పుడు పాత ప్రోగ్రాములు చెడలేదు.

మొదటి యూజర్ ప్రోగ్రామ్‌గా బిజీబాక్స్ (మామూలు యూనిక్స్ కమాండ్లన్నీ ఒకే ఫైల్‌లో ఉన్న ప్రోగ్రామ్) వద్దు. రైట్, ఎగ్జిట్ రెండే కాల్స్ చేసే పది లైన్ల స్టాటిక్ అసెంబ్లీ ప్రోగ్రామ్‌ని ఇనిట్‌గా (కెర్నల్ మొదట నడిపే ప్రోగ్రామ్‌గా) పెట్టండి. అది మాట్లాడాక స్టాటిక్ బిజీబాక్స్, ఆ తర్వాతే డైనమిక్ లింకింగ్. ఇనిట్ మొదలవకుండా ఎర్రర్ మైనస్ 8 వస్తే ఈఎల్‌ఎఫ్ (బైనరీ ఫైల్ ఫార్మాట్) తల నచ్చలేదని అర్థం. రిస్క్-ఫైవ్ మెషీన్ నంబర్ 243, మీ ఫైల్‌లో అదే ఉందా చూడండి. మైనస్ 2 వస్తే, ఫైల్ కళ్ల ముందే ఉన్నా, అది అడిగే డైనమిక్ లింకర్ ఆ దారిలో లేదు. ఇనిట్‌ని చంపబోయారంటూ పానిక్ వచ్చి ఎగ్జిట్ కోడ్ హెక్స్‌లో బి అయితే అది 11వ సిగ్నల్, సెగ్‌ఫాల్ట్.

క్యూఈఎంయూలో నడిచింది, బోర్డు మీద చచ్చింది

ఇది మినహాయింపు కాదు, రివాజు. క్యూఈఎంయూ మంచి మనసున్న యంత్రం, మీ తప్పులు చాలా క్షమిస్తుంది. అసలు సిలికాన్ క్షమించదు.

పేజ్ టేబుల్ ఎంట్రీలో ఏ, డి బిట్లు ఉంటాయి, పేజీని తాకినట్టూ దాని మీద రాసినట్టూ గుర్తులు. వాటిని హార్డ్‌వేర్ నింపవచ్చు, లేదా సున్నాగా కనిపిస్తే ఫాల్ట్ ఇవ్వవచ్చు; రెండూ చట్టబద్ధమే. క్యూఈఎంయూ మామూలుగా నింపేస్తుంది. ఫాల్ట్ ఇచ్చే చిప్ మీద అదే కెర్నల్ మొదటి లోడ్ దగ్గరే అనంత ఫాల్టుల్లో చిక్కుకుంటుంది. బూట్ మ్యాపింగుల్లో రెండు బిట్లూ మీరే 1 చేసి పెట్టండి.

ఎస్‌ఏటీపీ మారగానే క్యూఈఎంయూ తన టీఎల్‌బీ (చిరునామా మార్పిడుల క్యాష్) అంతా తుడిచేస్తుంది, కాబట్టి దాన్ని తుడవమనే ఎస్‌ఫెన్స్ మరిచినా పట్టుబడదు. పైగా చెల్లని ఎంట్రీని కూడా గుర్తుపెట్టుకునే హక్కు అసలు చిప్‌లకి ఉంది. కొత్తగా మ్యాప్ చేసిన పేజీ మీద ‘ఇది లేదు’ అని ఫాల్ట్ వస్తే ముందు అనుమానించాల్సింది ఇదే. మెమరీలోకి కోడ్ రాసి వెంటనే నడిపేటప్పుడు, కొత్త కోడ్‌నే చదవమని చెప్పే ఫెన్స్ డాట్ ఐ ఇన్‌స్ట్రక్షన్ అవసరం. మాడ్యూళ్లు, జిట్ (నడుస్తూనే కోడ్ తయారు చేసే) కంపైలర్లు, డీబగ్గర్ బ్రేక్‌పాయింట్లు మూడింటికీ ఇది వర్తిస్తుంది. క్యూఈఎంయూలో మరిచినా తెలియదు.

మెమరీ క్రమం ఇంకా మోసకారి. మీ ల్యాప్‌టాప్ ఎక్స్86 అయితే దాని కట్టుదిట్టమైన క్రమం క్యూఈఎంయూ లోపలికీ వస్తుంది. మీరు రాయని బారియర్‌ని మీ ల్యాప్‌టాప్ ఉచితంగా ఇస్తున్నట్టే. లాకులూ అటామిక్సూ తలకిందులుగా రాసినా గంటల తరబడి నడుస్తుంది. కెర్నల్‌లోని లాక్‌టార్చర్, ఆర్‌సీయూటార్చర్ మాడ్యూళ్లని బోర్డు మీద, అన్ని కోర్లతో, కనీసం ఒక రాత్రంతా తిప్పకుండా పోర్ట్ అయిందని అనకండి. అలైన్‌మెంట్ లేని లోడ్లు క్యూఈఎంయూలో మామూలు వేగంతోనే నడుస్తాయి. కొన్ని చిప్‌లలో ప్రతి ఒక్కటీ ఫర్మ్‌వేర్‌లోకి ట్రాప్ అయి, వందల రెట్లు నెమ్మదిస్తుంది. డివైస్‌లు మెమరీని సొంతంగా చదివే బోర్డుల్లో క్యాష్ పొందిక లేకపోతే నెట్‌వర్క్ ప్యాకెట్లు అడపాదడపా పాడవుతాయి. క్యూఈఎంయూలో ఈ సమస్యే లేదు.

డెబియన్ దాకా

డెబియన్ ప్యాకేజీ సాధనం డీపీకేజీకి ముందు మీ ఆర్కిటెక్చర్ పేరు తెలియాలి: దాని సీపీయూ పట్టికలో ఒక లైన్. ఆ తర్వాత కోడిముందా గుడ్డుముందా అనే చిక్కు. డెబియన్ ప్యాకేజీ కట్టాలంటే డెబియన్ కావాలి. దీనికోసం రీబూట్‌స్ట్రాప్ అనే స్క్రిప్ట్ ఉంది, కనీస ప్యాకేజీలను సరైన వరసలో క్రాస్ కంపైల్ (వేరే ఆర్కిటెక్చర్ యంత్రం మీద కంపైల్) చేస్తుంది. చక్రంలా తిరిగే ఆధారాలను తెంచడానికి బిల్డ్ ప్రొఫైళ్లు వాడతారు: స్టేజ్1 అంటే కనీస రూపం, నోడాక్ అంటే డాక్యుమెంటేషన్ లేకుండా, నోచెక్ అంటే టెస్టులు లేకుండా. బిల్డ్-ఎసెన్షియల్ (ప్యాకేజీలు కట్టడానికి తప్పనిసరైన సాధనాలు) వరకు క్రాస్‌గా కట్టి, బోర్డు మీద బూట్ చేసి, అక్కడి నుంచి ఆ ప్యాకేజీలనే మళ్లీ నేటివ్‌గా కట్టండి. క్రాస్‌గా పుట్టిన బైనరీ ఏదీ చివరి ఆర్కైవ్‌లో మిగలకూడదు. ఈసారి నోచెక్ తీసేయండి. టెస్టుల్లోనే కంపైలర్ తప్పులు బయటపడతాయి.

తర్వాత వేల సోర్సులు వరసకడతాయి. ఎర్రర్లు వేలు కావు, పది పదిహేను రకాలే మళ్లీ మళ్లీ వస్తాయి. కాన్ఫిగ్ డాట్ గెస్ ఫైల్ పాతదై మీ మెషీన్‌ని గుర్తుపట్టకపోవడం అన్నిటికన్నా ఎక్కువ. ఆ ఫైళ్లను తాజాగా తయారు చేసే ఆటోరీకాన్ఫ్ తప్పనిసరి చేస్తే పోతుంది, డెబ్‌హెల్పర్ 10వ స్థాయి నుంచి అది డిఫాల్ట్‌గానే జరుగుతుంది. గెట్‌చార్ ఇచ్చిన జవాబుని చార్‌లో పెట్టి మైనస్ 1తో పోల్చే పాత సీ కోడ్ ఇక్కడ ఎప్పటికీ ఆగదు, ఎందుకంటే అన్‌సైన్డ్ చార్‌లో అది 255. బిల్డ్ ఎర్రర్ లేకుండా టెస్ట్ గంటల తరబడి వేలాడితే మొదట చూడాల్సింది అదే. ఒక బైట్ అటామిక్ సింబల్ దొరకలేదని లింకర్ అంటే లిబ్‌అటామిక్ కలపాలి; రిస్క్-ఫైవ్ మూల అటామిక్ సెట్‌లో 4, 8 బైట్లవే ఉన్నాయి, చిన్నవాటిని పాత జీసీసీ లైబ్రరీకి వదిలేసేది. పాత ఓపెన్ సిస్టమ్ కాల్‌ని నేరుగా నంబర్‌తో పిలిచేవీ, తెలియని ఆర్కిటెక్చర్ అంటూ కావాలనే ఎర్రర్ ఇచ్చేవీ, లైబ్రరీలను లిబ్64 కింద ఎల్‌పీ64డి ఫోల్డర్‌లో వెతికేవీ, సీ++ సింబల్ జాబితా సరిపోలేదని ఆగేవీ మిగతావి. ప్రతి సవరణనీ ముందు ఆ సాఫ్ట్‌వేర్ రాసినవాళ్లకే పంపండి. డెబియన్‌లో ప్యాచ్‌గా ఉంచితే ఆ భారం ఎప్పటికీ మీదే.

తమను తామే కట్టుకునే భాషలు వేరే కథ. రస్ట్‌కి రస్ట్ కావాలి, హాస్కెల్‌కి హాస్కెల్, జావాకి జావా. మొదటి కాపీ వేరే ఆర్కిటెక్చర్ నుంచి క్రాస్‌గా రావాల్సిందే. జావాని ముందు జీరో అనే ఇంటర్‌ప్రెటర్ రూపంలో తెండి. నత్తనడకే, కానీ దానితో వందల ప్యాకేజీల అడ్డు తొలగుతుంది. రిస్క్-ఫైవ్‌కి హాట్‌స్పాట్ జిట్ అప్‌స్ట్రీమ్‌లోకి వచ్చింది జేడీకే 19లో, 2022లో. అప్పటిదాకా జీరోనే దిక్కు. ఎల్‌ఎల్‌వీఎమ్ అనే కంపైలర్ వ్యవస్థ ఎంత త్వరగా వస్తే అంత మంచిది, రస్ట్, గ్రాఫిక్స్ డ్రైవర్లు దాని మీదే ఆధారపడతాయి. అందులో రిస్క్-ఫైవ్ ప్రయోగదశ దాటింది 2019లో, 9వ వెర్షన్‌తో.

బిల్డ్ మెషీన్‌కి 16 గిగాబైట్ల ర్యామ్, ఎన్‌వీఎంఈ డిస్క్ చూసుకోండి. హైఫైవ్ అన్‌మ్యాచ్డ్ అలాంటిదే. 8 గిగాబైట్ల విజన్‌ఫైవ్ 2 చిన్న ప్యాకేజీలకి పరవాలేదు, పెద్ద సీ++ లింకులకి స్వాప్‌లో మునుగుతుంది. ఎస్‌డీ కార్డు మీద బిల్డ్ చెయ్యకండి, మెల్లగా నడవడమే కాదు, కార్డు అరిగిపోతుంది. వేగవంతమైన పీసీలో క్యూఈఎంయూ యూజర్ మోడ్ ప్రయోగాలకి పనికొస్తుంది గానీ థ్రెడ్లు, పీట్రేస్ వాడే టెస్టులు అక్కడ అబద్ధాలు చెప్తాయి. ఆర్కైవ్‌కి వెళ్లేది బోర్డు మీదే కట్టండి.

అప్‌స్ట్రీమ్‌కి పంపేటప్పుడు

కెర్నల్ ప్యాచ్‌లను బూట్ అయ్యే కనీస రూపంలో, ఒక్కో ప్యాచ్‌కి ఒక్కో విషయంగా కోసి పంపండి. మీ ఆర్కిటెక్చర్ డైరెక్టరీ ఒక దారిలో, ఇంటరప్ట్ కంట్రోలర్, పీసీఐ డ్రైవర్లు తమ తమ నిర్వాహకుల దారిలో వెళ్తాయి. రెండూ ఒకే విడుదలలో కలవకపోవచ్చు. లూంగ్‌ఆర్క్ కోడ్ 2022లో 5.19లో చేరింది గానీ, కావలసిన మిగతా ముక్కలు అందక ఆ విడుదల ఉన్నదున్నట్టు బూట్ కాలేదు, 6.0 దాకా ఆగాల్సి వచ్చింది. కాబట్టి డ్రైవర్లనే ముందు పంపండి. ఇన్‌స్ట్రక్షన్ సెట్ పత్రం ఇంకా మారుతూ ఉంటే పంపనే వద్దు. రిస్క్-ఫైవ్ నిర్వాహకులు ఖరారైన, లేదా మార్పులు ఆపేసిన ఎక్స్‌టెన్షన్లకే కోడ్ తీసుకుంటారు.

విలీనమయ్యాక ప్రతి ఆర్‌సీ (తుది విడుదలకి ముందు వచ్చే పరీక్షా) విడుదలనీ క్యూఈఎంయూలో ఒకసారి, బోర్డు మీద ఒకసారి బూట్ చేసి చూసే స్క్రిప్ట్ నడుస్తూ ఉండాలి. వేరే ఆర్కిటెక్చర్ కోసం ఉమ్మడి కోడ్‌లో చేసిన మార్పు మీ పోర్ట్‌ని విరిచేస్తే, రెండు వారాల్లోపు చెప్పినవాళ్ల మాటకి మార్పు వెనక్కి వెళ్తుంది. ఆరు నెలల తర్వాత చెప్తే సరిచెయ్యాల్సింది మీరే.